మంజూరైన పల్లం

చింతలరేవు మండలంలో పల్లమంతా ప్రభుత్వ ఆస్తి కాబట్టి, మామూలు జనానికి ఏ రోడ్డైనా వెళ్ళేటప్పుడూ ఎత్తే, వచ్చేటప్పుడూ ఎత్తే. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కనక కొత్తగా వచ్చినవాళ్ళు మొదట్లో తికమకపడతారు. రేవు దగ్గర బయల్దేరి ఎక్కుకుంటూ కొండమీది ఊరికి వెళ్ళిన మనిషి, సాయంత్రం అదే రోడ్డు మీద ఎక్కుకుంటూ రేవుకే తిరిగొస్తాడు. ఇలా రోజూ ఎక్కుతూ పోతే మీ ఇళ్ళు ఈపాటికి మబ్బుల్లో ఉండాలి కదా అని ఆ కొత్తవాళ్ళు అడుగుతారు. ఊళ్ళోవాళ్ళు అడగరు. ఆ తేడాని పల్లాల శాఖవారు ఏటా మార్చి నెలాఖరున సర్దేస్తారు. ముప్పై ఒకటో తారీఖు మధ్యాహ్నం మూడింటికి ఊరందరికీ కడుపులో ఒక్క క్షణం ఖాళీగా అనిపిస్తుంది. పిల్లలు కిసుక్కున నవ్వుతారు, పెద్దవాళ్ళు అజీర్తి అనుకుని వాము నములుతారు, తేడా సరిపోతుంది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. చింతలరేవులో నీటికి మాత్రం శాశ్వత అనుమతి ఉంది. గెడ్డలకీ వాగులకీ వానకీ ఏ ఫారమూ అక్కర్లేదు. తక్కిన పల్లం పైనుంచి వచ్చే అధికారులకి, వాళ్ళ వెనక వచ్చే కార్లకి, ఆ కార్ల వెనక పరిగెత్తేవాళ్ళకి పోతుంది. సిఫారసు ఉత్తరం తెచ్చుకుంటే పెళ్ళి ఊరేగింపుకి అర కిలోమీటరు ఇస్తారు. అంబులెన్సుకి కూడా ఇస్తారు గాని, రోగి స్వయంగా వచ్చి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇవన్నీ పోగా మిగిలినదాంట్లో నూటికి రెండు వంతులు సాధారణ కోటా. ఆ కోటా ఉందని శాఖ ఆఫీసు గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

గేదెల సత్యవేణి ఆ గోడమీది రాతని ఇరవై ఆరేళ్ళుగా చదువుతోంది. ఆవిడ చింతలరేవు ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. సైకిలు వెనక టీకామందుల పెట్టె కట్టుకుని ఏడు ఊళ్ళు తిరుగుతుంది. ఏడూ ఉపకేంద్రం కన్నా ఎత్తులో ఉన్నాయి, ఉపకేంద్రం ఆ ఏడింటికన్నా ఎత్తులో ఉంది. ఇప్పుడు నలభై తొమ్మిదేళ్ళొచ్చి మోకాళ్ళు పాత తలుపుల్లా కిర్రుమంటున్నాయి. ఇంకో ఏడాది తొక్కితే ఎక్కువని డాక్టరు చెప్పేశాడు. దానికి ఆవిడ పెద్దగా బాధపడలేదు. బతుకులో ఒక్కటే కోరిక మిగిలిపోయింది. కాళ్ళు కదపకుండా కూర్చున్నా సైకిలు తనంతట తాను పోతూ ఉంటే ఎలా ఉంటుందో, మోకాళ్ళు పూర్తిగా పోయేలోగా ఒక్కసారి చూడాలి.

దారి చూపించింది ఎండు నెత్తళ్ళ పొట్లం. చేపలమ్మే ఎర్రన్న అరవై రెండేళ్ళ మనిషి, నలభై ఏళ్ళుగా సైకిలు మీద తట్ట పెట్టుకుని తీరమంతా తిరుగుతున్నవాడు. పొట్లాలకి కావలసిన కాగితాలు పల్లాల శాఖ తూకానికి అమ్మేసే పాత కట్టల్లోంచి తెచ్చుకుంటాడు. ఒక ఆదివారం సత్యవేణి నెత్తళ్ళు మూకుట్లో వేసి, పొట్లం కాగితం పారెయ్యబోతూ అలవాటుకొద్దీ చదివింది. అది శాఖవారి ముప్పై ఒకటో నిబంధన. బయల్దేరిన చోటికే, తొక్కిన రోడ్డు మళ్ళీ తొక్కకుండా, ఒక్క రోజులో తిరిగొచ్చే ప్రయాణాన్ని చుట్టు ప్రయాణం అంటారనీ, అది నూరు కిలోమీటర్లకి తగ్గకూడదనీ, అందులో సగం సముద్రం కనబడే దారై ఉండాలనీ అందులో ఉంది. అలాంటి ప్రయాణంలో ఎత్తుకి తగ్గ పల్లం లేకపోతే పటం మీద గీత కలవదు కనక దరఖాస్తుదారుకి పల్లం ఇవ్వవలెను అని కూడా ఉంది. ఆవిడ మూడోసారి చదివేసరికి నెత్తళ్ళు మాడిపోయాయి. చెప్పులైనా వేసుకోకుండా రేవుకి పరిగెత్తింది.

“బాబాయ్, ఇది చూసినావా? చుట్టు తిరిగొస్తే పల్లం ఇచ్చీవాలంట!”

ఎర్రన్నకి చదువు రాదు. కాగితం తీసుకుని వాసన చూశాడు. “సరుకు మంచిదే కదేటమ్మా. పురుగు గాని వొచ్చినాదేటి?”

ఆవిడ చదివి వినిపించింది. ఎర్రన్న తక్కెడ కింద పెట్టాడు. చదువు లేకపోయినా ఆఫీసుల సంగతి తెలిసినవాడు కనక అడగవలసిన ప్రశ్నే అడిగాడు. “ఇవ్వొచ్చు అనున్నాదా, ఇవ్వాల అనున్నాదా?”

“ఇవ్వవలెను అనుంది.”

“అయితే నానూ నీతో వొస్తాను తల్లీ. ఈ ఒడ్డు పొడుగునా ఏ మలుపు కాడ గాలి తన్నుద్దో నీకేటి తెలుసు?”

ఆ రోజు నుంచి సత్యవేణి ఇల్లు ఇల్లులా లేదు. పోలియో చుక్కల పాత చార్టు వెనక్కి తిప్పి గోడకి కొట్టి, దానిమీద దారి గియ్యడం మొదలుపెట్టారు. ఎర్రన్న చెబుతుంటే ఆవిడ గీసేది. రేవు దగ్గర బయల్దేరి సరుగుడు తోటల్లోంచి పద్దెనిమిది కిలోమీటర్లు, ఎడమ పక్కన తోట, కుడి పక్కన అలలు. గుల్లమొగ దగ్గర సైకిళ్ళు పడవలో పెట్టుకుని ఏరు దాటడం. పడవ మీద ఎత్తూ పల్లం ఏదీ లేదు కనక అక్కడ కాస్త ఊపిరి తీసుకోవచ్చు. తర్వాత ఉప్పు మళ్ళు. ఉప్పు మళ్ళు చూపుకి చాప పరిచినట్టు చదునుగా ఉంటాయి, తొక్కితే మాత్రం నిలువునా ఎత్తు. అక్కడ ఎదురుగాలి పదిగంటలకి లేస్తుంది, ఆలోపే దాటెయ్యాలి. ఆ పైన ఎర్రదిబ్బల మలుపులు, జీడిమెట్ట ఘాటు రోడ్డు మీద తొమ్మిది వంపులు, చివరికి పాతదీపం కొండ. కొండమీద ఒకప్పుడు దీపస్తంభం ఉండేది, ఇప్పుడు మొండి గోడ ఉంది. అక్కడ్నుంచి రేవు దాకా నాలుగు కిలోమీటర్ల రెండువందల మీటర్లు. ఆ చివరి ముక్కని సత్యవేణి ఎర్ర పెన్సిల్‌తో గీసింది. గీసి, కాస్త వెనక్కి జరిగి చూసుకుంది. మళ్ళీ దగ్గరికొచ్చి ఇంకాస్త దిద్దింది.

మొత్తం నూటపన్నెండు కిలోమీటర్లు. అందులో అరవై రెండు కిలోమీటర్ల పొడుగునా సముద్రం కనబడుతుంది. సముద్రం చూడ్డానికి శాఖవారి అనుమతి అక్కర్లేదు. ఎక్కేవాళ్ళు ఎలాగూ తల వంచుకునే ఉంటారు కనక, దాన్ని అదుపులో పెట్టవలసిన అవసరం ఇంతవరకు ఎవరికీ రాలేదు.

సత్యవేణి మొగుడు అప్పలసూరి పడవ ఇంజన్ల మెకానిక్కు. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే చురక అంటిస్తాడు. రోజూ రాత్రి అన్నం తింటూ ఆ చార్టు కేసి చూసేవాడు. ఒకనాడు అడిగాడు. “పల్లం సరే. అందులో సైకిలు ఆగడం ఎలాగ?”

 ఆ సంగతి సత్యవేణి బుర్రకి గాని ఎర్రన్న బుర్రకి గాని తట్టనేలేదు. చింతలరేవులో ఎవరి సైకిలుకీ బ్రేకులుండవు. తొక్కడం మానేస్తే చాలు, సైకిలు ఆగుతుంది, ఇంకాస్త ఆలస్యం చేస్తే వెనక్కి పోతుంది. కొట్లో కొత్త సైకిలు కొన్నా బ్రేకులు విప్పి, అనవసరపు బరువని షాపువాడే ఉంచేసుకుంటాడు. ఎర్రన్న రెండు రోజులు కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగి, చివరికి ఎవరి పెరట్లోనో వలలు ఆరేసుకునే కొక్కేలుగా వాడుతున్న పాత బ్రేకుల జత సంపాదించాడు. అప్పలసూరి వాటికి తుప్పు గీకి, నూనె రాసి, మూడు గంటలు కూర్చుని బిగించాడు.

“ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట. ఇంకా దరకాస్తు ఎట్టలేదు, బ్రేకులొచ్చీసినాయి” అన్నాడు. అన్నాడే గాని, ఆ మూడు గంటలూ ఈల వేస్తూనే ఉన్నాడు.

అసలు కష్టం కాళ్ళతో వచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా సీటు మీద కూర్చోగానే ఆవిడ కాళ్ళు వాటంతట అవే తిరుగుతాయి. పల్లం వచ్చినప్పుడు కూడా తిరిగితే వచ్చిన పల్లం వృథా. అందుకని పెరట్లో సైకిలు స్టాండు వేసి ఆవిడ ఎక్కి కూర్చునేది. అప్పలసూరి వెనక చక్రం చేత్తో గిర్రున తిప్పేవాడు, ఎర్రన్న విసనకర్రతో మొహాన గాలి విసిరేవాడు. ఆవిడ కాళ్ళు కదపకుండా ఉండాలి. మొదటి రోజు మూడు క్షణాలు ఉండగలిగింది. కాళ్ళు కదిలినప్పుడల్లా ఎర్రన్న, “అదిగో! తొక్కీసినావు!” అని అరిచేవాడు. ముగ్గురూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళు. చుట్టుపక్కల ఆడవాళ్ళు చేటల్లో బియ్యం పట్టుకొచ్చి, ఏరుకుంటూ గోడ మీంచి చూసేవాళ్ళు. పదిహేను రోజులకి సత్యవేణి ఒక నిమిషం పైగా ఏమీ చెయ్యకుండా కూర్చోగలిగింది. ఏమీ చెయ్యకపోవడం అంత హాయిగా ఉంటుందని ఆవిడకి అప్పటిదాకా తెలియదు. ఆ హాయి కళ్ళలో కనబడేది కాబోలు, ఉపకేంద్రానికొచ్చిన తల్లులు, “ఏటి నర్సమ్మా, ఇంట్లో పెళ్ళేటి?” అని అడిగేవారు.

దరఖాస్తులో ఇరవై మూడు గడులున్నాయి. పల్లాల శాఖ సాధారణ కోటా సెక్షన్లో సీనియర్ అసిస్టెంటు కామేశం గారు ఆ ఫారం బీరువాలోంచి తీసి, దుమ్ము దులిపి, ఆవిడ ఎదుటే కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆయన ఆ కుర్చీలోకి వచ్చి తొమ్మిదేళ్ళయింది, కౌంటరు దగ్గరికి దరఖాస్తుదారు రావడం ఇదే మొదలు. వెంటనే టీ తెప్పించాడు.

“చుట్టు ప్రయాణం! ఎంత మంచి నిబంధనమ్మా అది. మేమే మర్చిపోయాం” అన్నాడు. నిజంగానే ఆయన మొహం వెలిగిపోతోంది. పటం బల్లమీద పరుచుకుని గుల్లమొగ మీదా ఎర్రదిబ్బల మీదా వేలు పెట్టి నడిపించాడు. “అబ్బ, ఇక్కడ పొద్దుటిపూట వెలుగు ఎలా ఉంటుందో! పదిహేడో గడి మాత్రం మార్చాలి. పల్లంలో పొందదలచిన ఆనందం అని రాశారు. ఆనందం అంటే ఆడిట్‌వాళ్ళు పట్టుకుంటారు. ప్రయోజనం అని రాయండి.”

ఆవిడ కొట్టేసి, ప్రయోజనం: కాళ్ళు ఆగుట, అని రాసింది.

“పల్లంలో మీరేం చేస్తారు? ఇది ఇంటర్వ్యూ ప్రశ్న. రాసుకోవాలి.”

“ఏమీ చెయ్యను సార్.”

“ఏమీ చెయ్యకుండా ఉండటం అలవాటుందా?”

“నిమిషం దాకా ఉండగలను సార్. ఇంకా నేర్చుకుంటన్నాను.”

ఆయన సంతోషంగా రాసుకున్నాడు. లేచి వచ్చేటప్పుడు సత్యవేణి అడిగింది. “మీరెప్పుడైనా దిగినారా సార్?”

“నేను సెక్షన్లో ఉంటానమ్మా. ఇష్యూ చేస్తాను” అన్నాడు కామేశం గారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు గాని, ఈ పూజారి మంచివాడు. ఫైలుని తనే భుజాన వేసుకుని బల్ల బల్లకీ తిప్పాడు. లెక్క ప్రకారం ఆవిడకి రావలసిన పల్లం నిలువునా పద్నాలుగువందల అరవై మీటర్లు. కోతలు పోగా రెండువందల పది, అంటే పాతదీపం కొండ నుంచి రేవు దాకా ఉన్న చివరి ముక్కకి సరిపడా, మంజూరైంది. మిగతాది తర్వాతి దశల్లో పరిశీలిస్తామన్నారు. దారి చూపే మనిషికి పల్లం వర్తించదు కనక ఎర్రన్న కొండ కిందే విడిపోయి తోటదారిన రావాలన్నారు. మంజూరు ఉత్తరం మార్చి ఇరవై నాలుగున చేతికొచ్చింది. నెలాఖరు దాటితే మురిగిపోతుంది. ఇరవై తొమ్మిది, ఆదివారం అని ముహూర్తం పెట్టుకున్నారు. ఆ నాలుగు రోజులూ సత్యవేణికి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేది.

ఆదివారం తొలికోడి కూయగానే బయల్దేరారు. సీసాల్లో చోడి అంబలి, సంచిలో వేరుశనగ ఉండలు, నాలుగు ఉల్లిపాయలు. సరుగుడు తోటల్లో ఉండగానే తెల్లారింది. సముద్రం ముందు బూడిద రంగులో, తర్వాత ఇత్తడి రంగులో, ఆ తర్వాత చూడ్డానికి వీల్లేనంత మెరుపుతో కుడి పక్కనే వచ్చింది. సత్యవేణి ఆ వేళ తలెత్తి తొక్కింది. ఇన్నేళ్ళుగా ఈ రోడ్డు మీద వెళుతూ, ఇక్కడ రాళ్ళ మీద తెల్ల పిట్టలు వరసగా కూర్చుంటాయని ఎప్పుడూ చూడలేదే అనుకుంది. గుల్లమొగ పడవవాడు సంగతి విని బాడుగ వద్దన్నాడు. ఉప్పు మళ్ళు తొమ్మిదిన్నరకే దాటేశారు. గాలి వాళ్ళ వెనక లేచింది. అది చూసి ఎర్రన్న గాలినే వెక్కిరించాడు. ఎర్రదిబ్బల దగ్గర ఆవిడ సైకిలు చైను రెండుసార్లు ఊడింది, రెండుసార్లూ నవ్వుకుంటూనే ఎక్కించుకుంది.

జీడిమెట్ట మాత్రం ప్రాణం తోడేసింది. ఐదో వంపులో మోకాలు కలుక్కుమంది, ఏడో వంపులో కళ్ళు బైర్లు కమ్మాయి. “దిగి నడువమ్మా” అన్నాడు ఎర్రన్న. నడిస్తే ముప్పై ఒకటో నిబంధన ప్రకారం అది తొక్కిన దారి కాదు. పంటి బిగువున తొక్కింది. తొమ్మిదో వంపు దాటాక ఇద్దరూ జీడిచెట్టు కింద చతికిలబడి, ఉల్లిపాయలు కొరుక్కుని అంబలి తాగారు. ఎర్రన్న చెమట తుడుచుకుంటూ, “నా బతుక్కి ఇది సాలు తల్లీ. నువ్వు దిగి నాకు సెప్పు” అన్నాడు. పాతదీపం కొండ మొదట్లో అతను తోటదారి పట్టుకుని వెళ్ళిపోయాడు. కనబడినంతసేపూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

మూడున్నరకి సత్యవేణి కొండెక్కింది. మొండి గోడ నీడలో గొడుగు, గొడుగు కింద బల్ల, బల్ల వెనక శాఖవారి ఇన్‌స్పెక్టరు. ఆవిడ ముందుగా ఆయన కేసి చూడలేదు. రోడ్డు కేసి చూసింది. ఆ రోడ్డు ఆవిడ ముందు చక్రం దగ్గర మొదలై కిందికి వెళుతోంది. పుట్టి బుద్ధెరిగాక రోడ్డు అలా ఒంగి ఉండటం ఆవిడ చూడలేదు. రేవు కింద ఉంది, పడవలు కింద ఉన్నాయి, తన ఇంటి పెంకులు కింద ఉన్నాయి, సముద్రం ఇంకా కింద ఉంది. ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బ్రేకులు రెండూ నొక్కి చూసుకుంది. కాళ్ళతో, కదలకండే, అని పైకే చెప్పింది.

“ఇక్కడొక సంతకం అమ్మా” అన్నాడు ఇన్‌స్పెక్టరు మర్యాదగా.

రిజిస్టర్లో పల్లం ముట్టినది అనే గడి. ఇరవై ఆరేళ్ళుగా తానూ తల్లుల చేత ముందు వేలిముద్ర వేయించుకుని, తర్వాతే మాత్రలు లెక్కపెట్టి ఇచ్చిన మనిషి. పని జరిగే పద్ధతే అది. పెన్ను తీసుకుని సంతకం పెట్టేసింది.

సిరా ఆరేలోపు రోడ్డు మెల్లగా ముందువైపు లేచింది. రేవూ పడవలూ ఇంటి పెంకులూ ఒకదాని వెనక ఒకటి పైకెళ్ళి, ఎప్పుడూ ఉండే చోట నిలబడ్డాయి.

“ఏటిది బాబూ?”

“ముట్టింది కదమ్మా. సంతకం పెట్టారు కదా.”

“నాను దిగలేదు.”

“సంతకం పడ్డాక పల్లం వాడినట్టే. వాడిన పల్లం తిరిగి శాఖకి చేరిపోతుంది. ఐదింటికి పైనుంచి వచ్చేవాళ్ళకి కావాలి కూడాను.”

“అయితే దిగాక కింద పెట్టించుకోవాల గదా సంతకం!”

“కింద బల్ల లేదమ్మా” అన్నాడు ఇన్‌స్పెక్టరు. వెటకారంగా అనలేదు. బల్ల ఉంటే బాగుండేదని అతనికీ ఉన్నట్టుంది. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, కుండలోంచి చల్లటి నీళ్ళిచ్చాడు. తర్వాత పెన్ను మళ్ళీ ఆవిడ చేతిలో పెట్టి పక్క గడి చూపించాడు. “అనుభవం ఎలా ఉందో ఇక్కడ రాయాలి.”

ఆ పేజీలో ఆవిడ పేరుకి పైన పదకొండు పేర్లున్నాయి. అన్నీ వేరే వేరే నిబంధనల కింద వచ్చినవాళ్ళవి. పదకొండింటి పక్కనా చాలా హాయిగా ఉన్నది అని రాసి ఉంది. అందులో ఒకటి ఊరి హైస్కూలు పాత హెడ్మాస్టారి దస్తూరి. ఆ పెద్దమనిషి ప్రతి పంద్రాగస్టుకీ బళ్ళో తన పల్లం గురించి అరగంట చెబుతాడు, పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు. సత్యవేణి ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

“రాయకపోతే ఏటవుతుంది?”

“రాయకపోతే ప్రయోజనం లేదని కోటా ఎత్తేస్తారమ్మా. మీ వెనకవాళ్ళకి ఉండదు.”

కొండ మొదట్లో చెయ్యి ఊపిన ఎర్రన్న గుర్తొచ్చాడు. ఒళ్ళు మండిపోయింది. పెన్ను విసిరికొట్టాలనిపించింది. ఆ మంట ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. నీళ్ళిచ్చినవాడి మీద కోపం నిలబడలేదు. చివరికి పన్నెండో వరసలో చాలా హాయిగా ఉన్నది అని గుండ్రటి అక్షరాలతో రాసి, సైకిలెక్కి, రేవు దాకా ఉన్న నాలుగు కిలోమీటర్ల రెండువందల మీటర్లూ తొక్కుకుంటూ ఎక్కింది. యాభై నిమిషాలు పట్టింది.

రేవు దగ్గర ఊరు ఊరంతా ఉంది. తప్పెటగుళ్ళు మోగుతున్నాయి, ఎవరో బంతిపూల దండ తెచ్చారు. సైకిలు దిగిన సత్యవేణి చీర చెమటతో తడిసి ముద్దయింది, కాళ్ళు రెండూ గడగడలాడుతున్నాయి. ఒక ముసలామె అది చూసి, “పల్లంలో కూడా సెమట పడతాదన్నమాట” అంది. అందరూ అవునవునని తలలూపారు. అప్పలసూరి భార్య కాళ్ళ కేసి చూశాడు, బ్రేకుల కేసి చూశాడు. తాను పూసిన నూనె చెక్కు చెదరకుండా ఉంది. వెళ్ళి కుర్చీ తెచ్చి వేశాడు.

ఎర్రన్న జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. తోటదారి ఎక్కి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. “నిజం సెప్పు తల్లీ. కాళ్ళు ఆగినాయా?”

ఆవిడ అతని మొహంలోకి చూసింది. నలభై ఏళ్ళు తట్ట మోసిన మనిషి మొహం, పండక్కి కొత్త బట్టలు అడిగే పిల్లాడి మొహంలా ఉంది. కోటా, కింద లేని బల్ల, రిజిస్టరు, అన్నీ నోటిదాకా వచ్చాయి.

“ఆగినాయి బాబాయ్.”

“సైకిలు?”

“అదే పోయింది. నానేటీ సెయ్యలేదు.”

ఎర్రన్న రెండు చేతులూ మొహాన పెట్టుకుని వలవలా ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. “నానూ ఎడతాను దరకాస్తు. సచ్చీలోగా నానూ దిగుతాను” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గట్టిగా చప్పట్లు కొట్టారు. తానూ పెడతానని ఒకరు, తానూ అని ఇంకొకరు అరవడం మొదలుపెట్టారు. ఆ కేకల మధ్య సత్యవేణికి కూడా గుండె ఉప్పొంగింది. ఆ మాట అంటే నమ్మడం కష్టం గాని, ఆ కాసేపూ నిజంగానే దిగివచ్చినట్టు అనిపించింది. ఒకరిద్దరు గాలి ఎలా తగిలిందని అడిగితే, తడుముకోకుండా చెప్పింది కూడా.

వారం తిరిగేసరికి పల్లాల శాఖ ముందు వరస గేటు దాటి రోడ్డు దాకా వచ్చింది. కామేశం గారికి ఊపిరి సలపడం లేదు, అయినా ఆయనంత ఉత్సాహంగా ఆ ఆఫీసులో ఎవరూ లేరు. రాయడం రానివాళ్ళే ఎక్కువ కనక, సత్యవేణి సెలవు పెట్టి వచ్చి వరండాలో బల్ల వేసుకుని కూర్చుంది. మొదటి ఫారం ఎర్రన్నది. గుల్లమొగ, ఉప్పు మళ్ళు, జీడిమెట్ట అని దారంతా ఒద్దికగా రాసింది. రద్దీ చూసి శాఖవారు ఆ వారమే ఇరవై నాలుగో గడి ఒకటి కొత్తగా చేర్చారు. ఇంతకు ముందు పల్లం పొందినవారు ఒకరు, పల్లం నిజంగానే ముడుతుందని సాక్షి సంతకం చెయ్యాలి.

సత్యవేణి పెన్ను ఒక్క క్షణం ఆ గడి మీద ఆగింది. ఎదురుగా ఎర్రన్న వేలికి సిరా పూసుకుని, ఎక్కడ నొక్కాలో చూపించమని ఎదురు చూస్తున్నాడు. ఆవిడ సంతకం పెట్టి, దాని పక్కన అతని వేలు పట్టుకుని గట్టిగా నొక్కించింది. తర్వాత పెన్ను మూత పెట్టకుండానే వరస కేసి చూసి, “తర్వాత ఎవరమ్మా?” అంది.